బీరువాలో దుబాయ్ వాచీ ఉందా? ముందు నంబరు చదవండి, తర్వాతే చైన్ ముట్టండి!

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గానీ, కడప, రాయచోటి, కోనసీమ వైపు గానీ, గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇల్లు అయితే బీరువా లాకర్‌లో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. పాత పాస్‌పోర్టు, వెండి గిన్నె, భూమి కాగితాల పక్కన ఒక స్టీల్ చైన్ వాచీ దొరికే చాన్స్ గట్టిగానే ఉంది. డయల్ మీద 'సీకో' అని పేరు, దగ్గర్లో చిన్న డాలు బొమ్మలో 5 అంకె. ఎనభైల్లో, తొంభైల్లో గల్ఫ్ సూట్‌కేసులోంచి టేప్‌రికార్డరు, సెంటు సీసా, టైగర్ బామ్ దిగేటప్పుడు దీని కోసమే అందరూ ఎదురుచూసేవారు. 'ఫారిన్ వాచీ' అంటే అప్పట్లో లెవెలే వేరు.

ఆ వాచీలు ఇప్పుడు మన తరం చేతికి వస్తున్నాయి. పాత వాచీ పెట్టుకోవడం ఫ్యాషన్ కూడా అయింది. దొరకగానే మనం చేసే పనులు రెండు. ఒకటి, ఆన్‌లైన్లో రేటు వెతకడం. రెండు, చైన్ లూజుగా ఉందని సందు చివరి షాపుకి తీసుకెళ్ళి "అన్నా, రెండు లింకులు తీసెయ్" అనడం. ఈ రెండో పని దగ్గరే కాస్త ఆగాలి. చేతిలో ఉన్నది ఏ వాచీ, ఏ కాలంది, ఆ చైన్ దానిదేనా అన్నది తెలియకుండా లింకు తీయిస్తే, ఆ ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. అలాంటి ముక్క మళ్ళీ కొనాలంటే కంపెనీలో ఉండదు. అందుకే ముందు గుర్తుపట్టడం, తర్వాత సైజు. వరస మారకూడదు.

సెల్ అయిపోలేదు, అసలు సెల్లే లేదు

వాచీ ఆగిపోయి ఉంటే "బ్యాటరీ వేయిస్తే సరి" అనుకుంటారు చాలామంది. పాత సీకో 5 లో బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది. మన చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగుకి కీ ఇస్తుంది. ఆ బరువు ఎటు తిరిగినా కీ ఎక్కేలా చేసే చిన్న మీటని సీకో 1959లో తెచ్చింది. దానికి పెట్టిన పేరే మ్యాజిక్ లివర్. 1963లో మొదటి సీకో 5 వచ్చింది. ఆ 5 ఊరికే పెట్టిన అంకె కాదు, అయిదు గుణాలకి గుర్తు. కీ ఇవ్వక్కర్లేని ఆటోమేటిక్ మెషీన్, ఒకే కిటికీలో వారం, తేదీ, నీటి నుంచి రక్షణ, నాలుగు గంటల దగ్గర లోపలికి ఒదిగిన కీ బొడిపె, గట్టి కేసు, చైన్. అంటే స్టీల్ చైన్ దీనికి తర్వాత తగిలించిన సొమ్ము కాదు, పుట్టుకతో వచ్చిన భాగం.

కాబట్టి ఆగిన వాచీని అడ్డంగా పట్టుకుని అర నిమిషం మెల్లగా అటూ ఇటూ ఊపి చూడండి. చాలావాటిలో సెకన్ల ముల్లు కదులుతుంది. కదిలిందని సంబరపడి రోజూ పెట్టుకోవద్దు. ఏళ్ళ తరబడి పడి ఉన్న మెషీన్‌లో ఆయిల్ ఎండిపోయి ఉంటుంది. ఆయిల్ లేని బండి నడిపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ముందు సర్వీసింగ్.

ఇంజిన్ నంబరు, బాడీ నంబరు

ఇప్పుడు వాచీ తిప్పి వెనక మూత చూడండి. చేతి చెమట, మట్టి పట్టి ఉంటే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. గీకొద్దు. ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే చెరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. కెమెరాలో జూమ్ చేసి ఒక ఫోటో తీసుకోండి.

మూత మీద నాలుగు అక్షరాలు, ఒక గీత, మళ్ళీ నాలుగు అక్షరాలు ఉంటాయి. బైకుకి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్నట్టే అనుకోండి. గీతకి ముందున్న నాలుగూ లోపలి మెషీన్ రకం. గీత తర్వాతివి బయటి కేసు డిజైన్. గల్ఫ్ నుంచి వచ్చిన వాటిలో బాగా కనిపించేది 7009. 17 రాళ్ళ మెషీన్, గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకి 6 సార్లు. అందుకే దాని సెకన్ల ముల్లు క్వార్ట్జ్ వాచీలోలా టిక్కు టిక్కుమని ఆగి ఆగి దూకదు, జారుతున్నట్టు పోతుంది. పాతవాటిలో 6119 కనిపిస్తుంది. 1996లో 7ఎస్26 అనే మెషీన్ వచ్చింది. ఆ నంబరు ఉంటే మీ వాచీ అంతకన్నా పాతది కాదు.

ఇంకో గుర్తు వారం కిటికీలో ఉంటుంది. కీ బొడిపె లాగి వారం మారుస్తూ పోతే ఇంగ్లిష్ పేర్ల మధ్య ఇంకో భాష కూడా వస్తుంది. అది అరబిక్ అయితే ఆ వాచీ గల్ఫ్ మార్కెట్ కోసం తయారైంది అనడానికి మంచి సాక్ష్యం. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ముళ్ళు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య ఉన్నప్పుడు వారం, తేదీ మార్చకండి. ఆ సమయంలో లోపలి పళ్ళచక్రాలు తేదీ మార్చే పనిలో ఉంటాయి. బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది.

వైటూకేకి అన్నలాంటి సమస్య

మోడల్ నంబరు కాక ఇంకో నంబరు ఉంటుంది, సీరియల్. 1960ల వాచీల మీద ఎక్కువగా 7 అంకెలు, తర్వాతి వాటి మీద 6. ఇందులో మొదటి అంకె తయారైన సంవత్సరం. రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9. అక్టోబరుకి ఓ, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి అనే ఇంగ్లిష్ అక్షరాలు. మొదట 3, తర్వాత ఎన్ ఉంటే ఏదో ఒక '3' సంవత్సరం నవంబరులో పుట్టిందన్నమాట.

ఏ 3? అదే చిక్కు. 1973 కావచ్చు, 1983 కావచ్చు, 1993 కావచ్చు. సంవత్సరానికి రెండంకెలే దాచుకున్నందుకు వైటూకే అని ప్రపంచం గోల పెట్టింది. ఆ గోల పుణ్యమా అని మన కుర్రాళ్ళు చాలామంది అమెరికా విమానం ఎక్కారు. సీకో వాళ్ళు ఒక్క అంకెతోనే సరిపెట్టేశారు! మా కోడ్ రివ్యూలో అయితే ఇది పాసయ్యేది కాదు. కానీ వాచీలో దీనికి దారి ఉంది. మిగతా ఆధారాలతో దశాబ్దాన్ని తేల్చవచ్చు.

మా పెద్దనాన్న వాచీ సంగతే చెప్తాను. వెనక 7009, సీరియల్ మొదట 3, తర్వాత ఎన్. 7009 మెషీన్ వచ్చిందే 1970ల రెండో సగంలో, కాబట్టి 1973 కొట్టేయొచ్చు. మిగిలింది 1983, 1993. ఇక్కడ ఇంట్లో కథ పనికొచ్చింది. ఆయన కువైట్‌లో పనిచేసేవారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడి నుంచి ఎలాగో జోర్డాన్‌లోని అమ్మాన్ చేరిన మనవాళ్ళని ఎయిరిండియా విమానాల్లో ముంబై చేర్చారు. అలా ఇంటికొచ్చిన సుమారు 1,70,000 మంది భారతీయుల్లో మా పెద్దనాన్న ఒకరు. సామాన్లన్నీ రూమ్‌లోనే వదిలేసి వచ్చారు, చేతికి ఈ వాచీ మాత్రం ఉంది. అంటే 1993 కాదు. 1983 నవంబరు. వెనక మూత చెప్పలేనిది పాస్‌పోర్టు ముద్ర చెప్పింది.

మీ ఇంట్లోనూ ఇలాగే అడగండి. మొదటిసారి ఎప్పుడు వెళ్ళారు, ఏ ఊళ్ళో కొన్నారు, ఎవరి పెళ్ళి ఫోటోలో ఇది చేతికి ఉంది. పాత ఆల్బమ్ జూమ్ చేసి చూడండి. మూత మీది మాట కూడా ఉపయోగమే. సుమారు 1970 దాకా సీకో 'వాటర్‌ప్రూఫ్' అని చెక్కేది, ఆ తర్వాత 'వాటర్ రెసిస్ట్' అయింది. ఏది రాసి ఉన్నా ముప్పై, నలభై ఏళ్ళ కిందటి రబ్బరు వాషర్ని నమ్మి నీళ్ళల్లో దిగొద్దు.

మెరిసేదంతా ఒరిజినల్ కాదు

ఆన్‌లైన్లో కొందామనుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. డయల్ అడుగున, 6 గంటల దగ్గర, చీమల్లాంటి అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. దాని మొదటి నాలుగు అక్షరాలు వెనక మూత మీది మెషీన్ నంబరుతో కలవాలి. వెనక 7009 ఉండి ముందు 6119 ఉంటే, రెండు వాచీలు కలిపి ఒకటి చేశారని అర్థం. తర్వాతి నాలుగూ కేసు నంబరుతో కలవకపోయినా కంగారు అక్కర్లేదు, డయల్‌కి వేరే కోడ్ ఉండటం మామూలే.

ఆ చీమల అక్షరాలే లేకపోయినా, బ్రాండ్ పేరు మందంగా, కాస్త వంకరగా ఉన్నా, కేసు అరిగిపోయి డయల్ మాత్రం నారింజ రంగులో నిన్న తయారైనట్టు మెరుస్తున్నా, అది మళ్ళీ పెయింట్ వేసిన డయల్ అయ్యుండాలి. ఇలాంటివాటికి ప్రపంచవ్యాప్తంగా కలెక్టర్లు పెట్టుకున్న పేరు 'ముంబై స్పెషల్'. పాడైపోయిన వాచీని మళ్ళీ నడిచేలా చేసి, తక్కువ ధరకి ఇవ్వడంలో తప్పేం లేదు. రంగు నచ్చి కొనుక్కుంటే హాయిగా పెట్టుకోండి. దాన్నే 'ఒరిజినల్ పాత పీస్' అని ఎక్కువ రేటుకి అమ్మితే మాత్రం మోసం. ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఇంట్లో ఉన్న మచ్చల డయల్‌ని ఎవరు చెప్పినా కొత్తగా పెయింట్ చేయించకండి. ఆ మచ్చలు దాని వయసు. పోయాక తిరిగి రావు.

సీకో కాకుండా హెచ్‌ఎమ్‌టీ దొరికితే? దానికీ ఇదే జాగ్రత్త. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో చేతులు కలిపి బెంగళూరులో మొదలైన వాచీలు అవి. జనతా, పైలట్, కోహినూర్ లాంటి పేర్లు మన తాతలకి కొట్టినపిండి. 2016లో కేంద్రం హెచ్‌ఎమ్‌టీ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించాక వీటి మీద మోజు ఇంకా పెరిగింది, పెయింట్ డయళ్ళు కూడా పెరిగాయి. ఇక ఆల్విన్ అని ఉంటే కాస్త గర్వపడండి. అది మన హైదరాబాద్ ఆల్విన్, సీకో సాంకేతిక సహకారంతో చేసిన వాచీ.

చైన్: ముందు రకం చూడండి

ఇప్పుడు చైన్ దగ్గరికి వద్దాం. లోపలి వైపు తిప్పి, లెన్స్ కిందో ఫోన్ కెమెరాతోనో చూడండి. మూడు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

మొదటిది బాణం గుర్తులున్నది. కొన్ని లింకుల లోపలి వైపు చిన్న బాణాలు చెక్కి ఉంటాయి. ఆ లింకులే తీయడానికి వీలైనవి. పిన్నుని బాణం చూపించే వైపుకి నెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా దూర్చాలి, చీలిక ఉన్న కొస చివర్లో లోపలికి వెళ్ళాలి. కొన్ని సీకో చైన్లలో పిన్ను చుట్టూ బియ్యపు గింజ కన్నా చిన్న గొట్టం ఉంటుంది. అది జారి పడితే తెలియను కూడా తెలియదు. అది లేకుండా పిన్ను నిలవదు, వాచీ ఎక్కడో రోడ్డు మీద ఊడిపోతుంది. అందుకే ఈ పని ఎప్పుడూ తెల్లటి గుడ్డ పరిచి చేయాలి.

రెండోది రేకు మడిచి చేసిన లింకుల చైన్. పాత సీకో 5 లకి ఎక్కువగా ఇదే వచ్చేది. పట్టుకుంటే తేలిగ్గా, డొల్లగా, కాస్త గలగలమంటూ ఉంటుంది. "ఇదేంటి, చీప్ చైన్" అని పారెయ్యకండి, అసలుది అదే కావచ్చు. ఇందులో లింకు తీయాలంటే మడత విప్పి మళ్ళీ మడవాలి. బీటెక్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్ళకి తెలుసు. స్టీలుని వంచిన ప్రతిసారీ ఆ చోట అది గట్టిపడుతుంది, పెళుసు అవుతుంది. ఒకటి రెండుసార్లు ఊరుకుంటుంది, ఆపైన పుటుక్కుమంటుంది. కాబట్టి ఈ రకాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. అనుభవం ఉన్న పాత మెకానిక్‌కి ఇవ్వండి.

మూడోది సాగే స్ప్రింగ్ చైన్. లాక్ లేకుండా చేతిలోంచి దూర్చుకునేది. వెంట్రుకలు పీకుతుందని తిట్టుకునేవాళ్ళు, అదే బాగుందనేవాళ్ళు ఇద్దరూ ఉంటారు. లోపల వరసలుగా చిన్న స్ప్రింగు రేకులుంటాయి. ఇదీ మెకానిక్ పనే.

ఎన్ని తీయాలి?

మొదటి సూత్రం, లింకు తీయడం ఆఖరి పని. లాక్ పక్కన చూడండి, వరసగా మూడు నుంచి ఆరు చిన్న చిల్లులు ఉంటాయి. లోపలున్న స్ప్రింగు పుల్లని సన్నటి మొనతో నొక్కి ఒక చిల్లు జరిపితే సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చాలామందికి ఇదే సరిపోతుంది, ఒక్క లింకూ పోదు.

సరిపోకపోతే అప్పుడు లెక్క. వాచీ పెట్టుకుని, లాక్ మణికట్టు కింద మధ్యలోకి తెచ్చి, వదులుగా ఉన్న భాగాన్ని వేళ్ళతో దగ్గరికి పట్టుకుని ఎన్ని లింకులు మిగిలాయో లెక్కపెట్టండి. పొద్దున్నే ఏసీలో కొలవకండి. ఎండకి చెయ్యి ఉబ్బుతుంది, మన వేసవి సంగతి తెలిసిందేగా. సాయంత్రం కొలిచి, చైన్ కింద చిటికెన వేలు దూరేంత వదులు ఉంచండి. రెండు లింకులు తీయాలంటే 12 గంటల వైపు ఒకటి, 6 గంటల వైపు ఒకటి. బేసి సంఖ్య వస్తే అదనంగా ఒకటి 6 వైపు. ఒకే వైపు తీసేస్తే లాక్ పక్కకి జరిగి, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

పని అయ్యాక వెంటనే బయటికి పెట్టుకెళ్ళొద్దు. మంచం మీద పట్టుకుని చైన్‌ని రెండు వైపులా మెల్లగా లాగి చూడండి. పిన్ను కొస చైన్ అంచుకి సమంగా ఉందో లేదో గోటితో తడమండి.

బిగుతుగా ఉంటే? ఇదే కష్టమైన ప్రశ్న. వాచీ కొన్నప్పుడు పెద్దవాళ్ళు పాతికేళ్ళ సన్నటి కుర్రాళ్ళు. వాళ్ళ చేతికి తగ్గట్టు అక్కడే లింకులు తీయించారు. మా పెద్దనాన్న వాచీ నాకు చాలదు. తీసిన లింకులు ఆ రూమ్‌లోని సామాన్లతో పాటు కువైట్‌లోనే ఉండిపోయాయి. లాక్ పుల్లని చివరి చిల్లులోకి జరిపినా రెండు లింకుల తేడా మిగిలింది. మీ ఇంట్లో అయితే ముందు వెతకండి. కుట్టుమిషన్ డబ్బా, పాత పర్సు, దేవుడి గూట్లో కుంకుమ భరిణె, ఇలాంటివన్నీ. దొరక్కపోతే అదే రకం పాత చైన్ నుంచి లింకులు తెచ్చి కలపొచ్చు. వెడల్పు, మడత ఒకటే అయితేనే అతుకు తెలియదు.

అదీ కుదరకపోతే లెదర్ బెల్టు వేసుకుని, చైన్ అలాగే దాచుకోండి. నేను చేస్తున్నది అదే. బెల్టు కొనేముందు కేసు కొమ్ముల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. ఫస్టియర్ ల్యాబ్‌లో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్ జీవితంలో పనికొచ్చే సందర్భం ఇదే. సీకో 5 లలో 18 ఉంటుంది, 19 కూడా ఉంటుంది. 19కి 18 వేస్తే సందు కనిపిస్తుంది, 20 వేస్తే బెల్టు నలుగుతుంది.

షాపులో ఇచ్చేముందు

మంచి పాత మెకానిక్ దొరకడం అదృష్టం. కోఠిలోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో, మీ ఊరి బస్టాండ్ పక్కనో, కంటికి లెన్స్ తగిలించుకుని కూర్చున్న పెద్దాయన ఉంటే ఆయన్నే అడగండి. ఇచ్చేముందు డయల్, వెనక మూత, చైన్ లోపలి వైపు ఫోటోలు తీయండి. మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. "డయల్ మార్చొద్దు. కేసుకి పాలిష్ పెట్టొద్దు. తీసిన ప్రతి ముక్కా నాకు తిరిగివ్వండి." పాలిష్ పెడితే గీతలతో పాటు కేసు అంచులు కూడా పోతాయి, వాచీ సబ్బు ముక్కలా తయారవుతుంది.

మురికి చైన్‌ని మాత్రం ఇంట్లోనే కడగొచ్చు. వాచీ నుంచి విడదీశాక గోరువెచ్చని నీళ్ళు, కొంచెం డిష్‌వాష్, పాత టూత్‌బ్రష్. ఎన్నేళ్ళ చెమటో నల్లగా దిగుతుంది. బాగా ఆరబెట్టి తగిలించండి.

చివరిగా, తీసిన లింకుల్ని ఒక చిన్న జిప్ కవర్‌లో వేయండి. లోపల ఒక చీటీ పెట్టండి. మోడల్ నంబరు, సీరియల్, ఏ సంవత్సరంది, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ వైపు నుంచి ఎన్ని లింకులు తీశారు. అయిదు నిమిషాల పని. మీ చెయ్యి లావవ్వచ్చు, లేదా రేపు ఇంకెవరి చేతికో ఇది వెళ్ళొచ్చు. వాళ్ళు బీరువా తెరిచేసరికి వాచీతో పాటు ఆ కవర్ కూడా అక్కడ ఉంటే చాలు.